సున్నా వడ్డీ నూటికి ఎంత పడింది? రాయగడలో ఒక కార్డు బాకీ లెక్క

మా ఆఫీసు ఒడిశాలోని రాయగడలో. బోర్డు మీద ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ అని ఉంటుంది గానీ వచ్చేవాళ్ళలో సగం మంది అప్పుల కాగితాలు చంకలో పెట్టుకుని వస్తారు. గుణుపురం నుంచి, పార్వతీపురం నుంచి, అప్పుడప్పుడు పర్లాకిమిడి నుంచి కూడా. పోయిన జనవరి చివర్లో వచ్చిన ఒక జంట కేసు ఇది. పేర్లు రాయను. ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తారు, జీతం 38,000. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బ్లౌజులు కుడతారు. పెళ్ళిళ్ళ రోజులూ మూఢం రోజులూ కలిపి సగటు చూస్తే నెలకి 9,000. ఇద్దరూ ఈ సరిహద్దు ఊళ్ళలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళే. పిల్లాడు ఒడియా మీడియం.

ఆయన కుర్చీలో కూర్చోకముందే ఆవిడ ఫోను నా ముందు పెట్టారు. ఏదో బ్యాంకు మెసేజి. పాత కార్డు బాకీని మా కార్డుకి మార్చుకోండి, 60 రోజులు వడ్డీ సున్నా అని.

"సున్నా అంటే సున్నాయే కదేటి మాస్టారూ? మరింకేటి ఆలోచన?"

అంతకు ముందు వారం ఫోనులో మాట్లాడిన అమ్మాయి కూడా అదే చెప్పిందట, పైసా వడ్డీ పడదని. పడదు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు.

బాకీ పుట్టింది విశాఖపట్నంలో. ఆయన తండ్రికి ఆపరేషను, ప్రైవేటు ఆసుపత్రి, రాత్రికి రాత్రి డబ్బు కట్టాలి. కార్డు గీకారు, 1,40,000. లిమిటు లక్షన్నర. ఆ తర్వాత ఏడు నెలలు తప్పకుండా నెలకి 8,000 కడుతూనే ఉన్నారు. ఒక్క నెల కూడా ఆలస్యం లేదు. ఆ సంగతి ఆయన కొంచెం గర్వంగానే చెప్పారు.

నేను స్టేట్‌మెంట్లన్నీ వరసగా పరిచి, ఉగాది క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో వేశాను. కార్డు వడ్డీ నెలకి 3.75 శాతం. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిస్తే 4.425. ఏడు నెలల్లో ఆయన కట్టింది 56,000. అందులో వడ్డీకీ పన్నుకీ పోయింది సుమారు 41,560. అసలు తగ్గింది 14,440. మిగిలిన బాకీ లక్షా ఇరవై అయిదు వేల అయిదొందల పైమాట. దాని మీద పిల్లాడి బూట్లు, బట్టలు అని మొన్న డిసెంబరులో గీకినది 2,400. మొత్తం 1,28,000 అనుకున్నాం.

ఆ బూట్ల సంగతి చెప్పాలి. "నలభై అయిదు రోజులు వడ్డీ ఉండదు కదా" అని గీకారాయన. ఆ గడువు పాత బిల్లు పూర్తిగా కట్టినవాళ్ళకే. ముందు నెల బాకీలో ఎంత మిగిలినా కొత్తగా గీకిన దానికి గీకిన రోజు నుంచే వడ్డీ. స్టేట్‌మెంటులో ఈ ముక్క ఉంటుంది. మినిమమ్, అంటే ఈ నెలకి ఇంత కడితే చాలని బిల్లులో వేసే మొత్తం, అది మాత్రమే కడుతూ పోతే నెలలు, ఏళ్ళు సాగుతుందన్న హెచ్చరిక కూడా వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది, వేస్తున్నారు కూడా. ఆ ఇంగ్లీషు ముక్కని వీళ్ళింట్లో చదివేవాళ్ళు లేరు. ఆవిడకి తెలుగు వచ్చు, పిల్లాడికి ఒడియా వచ్చు, ఆయన అంకెలు మాత్రం చూస్తారు.

మనవైపు వడ్డీ మాట్లాడేది శాతాల్లో కాదు, నెలకి నూటికి ఎన్ని రూపాయలని. అందుకని ఆవిడతో ఆ భాషలోనే అన్నాను. "అమ్మా, బజార్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అడిగితే ఏమంటారు?"

"రగతం తాగీసినాడంటాం."

"ఈ కార్డు నూటికి నాలుగు రూపాయల నలభై రెండు పైసలు."

ఆవిడ ఆయన వైపు చూశారు. ఆయన క్యాలెండరు వైపు చూశారు.

"ఇంత వడ్డీ తీసుకోవచ్చేటి? గవర్నమెంటు ఒప్పుకుంటాదేటి?" అని ఆవిడే మళ్ళీ అడిగారు. జాతీయ వినియోగదారుల కమిషను 2008లో ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమంది. ఆ తీర్పుని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. కాబట్టి ఆ దారి మూసుకుంది. ఇక లెక్కతోనే బయటపడాలి.

ఇలాంటి కేసుల్లో నేను ఆఫర్లు ముందు చూడను, ఇల్లు చూస్తాను. నెలకి వచ్చేది 47,000. ఇంటి ఖర్చు, మందులు కలిపి 27,000. చీటీ 5,000. మిగలాల్సింది 15,000, కార్డుకి పోతున్నది 8,000. మిగతా ఏడు వేలు ఏమయ్యాయంటే ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కాసేపు తడిమితే పోస్టాఫీసులో నెలనెలా దాచే ఆర్డీ ఒకటి మూడు వేలది బయటికొచ్చింది. మిగతాది చేతుల్లో కరిగిపోతోంది. నూటికి నాలుగున్నర పోసే బాకీ నెత్తిన పెట్టుకుని, నూటికి అర్ధ రూపాయి తెచ్చే ఆర్డీ కట్టడం. ఇది చాలా ఇళ్ళలో చూస్తాను. పొదుపు మంచి అలవాటే కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు.

అసలు దొరకాల్సింది చీటీలో దొరికింది. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు, పద్నాలుగు నెలలు కట్టేశారు, ఇంకా పాడలేదు. "ఆఖర్న ఎత్తుకుంటే పాట నష్టం ఉండదు కదా" అని ఆవిడ ఉంచారు. బిడ్డ కోసం దాచుకున్నది. నేను పాడమన్నాను. పాట నష్టం ఏడు వేలు వరకూ పోవచ్చని చీటీ పెద్దాయన చెప్పారట, ఆయన కమిషను అయిదు వేలు ఎప్పుడు ఎత్తుకున్నా తప్పదు. అంటే చేతికి 88,000. ఆ ఏడు వేలు వినేసరికి ఆవిడ మొహం వాడిపోయింది. అదే 88,000 బాకీ మీద కార్డు వడ్డీ నెలకి 3,890 పైన. రెండు నెలలు తిరక్కుండానే ఆ నష్టం పూడిపోతుంది. క్యాలెండరు మీద రెండు అంకెలూ పక్కపక్కన రాసి వదిలేశాను. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

బంగారం సంగతీ ఎత్తాను. గోల్డ్ లోను తీసుకుని కార్డు మొత్తం ఒక్క దెబ్బకి కట్టేస్తే అన్నిటికన్నా చవక, అందులో అనుమానం లేదు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఒకసారి కుదువకి వెళ్ళిన గాజులు మళ్ళీ ఇంటికి రాలేదట. ఇంక నేను మాట్లాడలేదు. కాగితం మీద చవకైన దారి ఆ ఇంట్లో చెల్లనప్పుడు అది చవక కాదు.

సమస్య ఏమిటంటే ఫిబ్రవరి పదో తారీకు పాట వేరొకరికి మాటైపోయింది, వాళ్ళింట్లో పెళ్ళి. మార్చి పాట మీదే అన్నారు పెద్దాయన. కాబట్టి ఒకటి రెండు నెలలు ఈ బాకీని ఎక్కడో చవగ్గా నిలబెట్టాలి. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటే ఆ మెసేజిలో చెప్పినట్టు బాకీని ఇంకో కార్డుకి మార్చడం, పనికొచ్చేది సరిగ్గా ఇక్కడ. రాబోయే డబ్బు తారీకుతో సహా తెలిసినవాడికి అది వంతెన. తెలియనివాడికి, సున్నా గడువు అయిపోయిన మర్నాడు అదే 3.75 శాతంతో ఇంకో కార్డు.

మొత్తం నాలుగు ఆఫర్లు పోగయ్యాయి. ఒకటి బాకీ ఉన్న బ్యాంకుదే, వేరే పేరుతో వచ్చే ఇంకో కార్డు. తన కార్డు మీది బాకీని తన ఇంకో కార్డుకి బ్యాంకులు మార్చవు, అది కొట్టేశాను. మిగిలినవి మూడు. కొత్త కార్డుకి లక్ష లిమిటు వస్తే అందులో మూడు వంతులు, అంటే 75,000 వరకూ మార్చుకోవచ్చు. మూడింటిలోనూ అంతే కాబట్టి 75,000 మీదే లెక్క వేశాను.

మొదటిది ఆవిడ చూపించిన మెసేజి. 60 రోజులు సున్నా, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం. ఫీజు 1,500, దాని మీద జీఎస్టీ 270. అంతవరకూ బాగానే ఉంది. కింద చిన్న అక్షరాల్లో కార్డుకి మొదటి ఏడాది ఫీజు 499 ఉంది, దానికీ జీఎస్టీ. మొత్తం 2,359. రెండు నెలలకి పంచితే నెలకి నూటికి రూపాయి యాభై ఏడు పైసల చొప్పున పడింది "సున్నా".

రెండోది 90 రోజులు సున్నా, ప్రాసెసింగ్ ఫీజు 3.5 శాతం, ఏడాది ఫీజు లేదు. జీఎస్టీతో 3,098. ఫీజు చూస్తే ఎక్కువ. మూడు నెలలూ వాడుకుంటే నెలకి నూటికి రూపాయి ముప్ఫై ఎనిమిది పైసలు.

మూడోది సున్నా అనలేదు పాపం, నిజాయితీగా నెలకి 1.25 శాతం వడ్డీ, అదీ మిగిలిన అసలు మీదే అంది. పన్నెండు కిస్తీలు, కిస్తీకి 6,769, ఫీజు 1 శాతం. ఏడాది పొడుగునా కడితే వడ్డీ, పన్ను, ఫీజు కలిసి సుమారు 8,240. చీటీ లేని ఇల్లయితే కళ్ళు మూసుకుని దీన్నే తీసుకోమనేవాణ్ణి. సున్నా అన్న మాట లేకపోవడం వల్ల జనం దీని వైపు చూడరు. కానీ వీళ్ళు మధ్యలో తీర్చేస్తారు, తీర్చేస్తే మిగిలిన అసలు మీద 3 శాతం ఫీజు, పైన జీఎస్టీ. రెండున్నర నెలల్లో మూసేస్తే 5,600 దాకా పోతుంది. పక్కన పెట్టాం.

మొదటిదా, రెండోదా? ఆయన మొదటిదన్నారు. 739 రూపాయలు తక్కువ, చీటీ మార్చి పదికి వస్తుంది, అరవై రోజులు ఎక్కువే కదా అని. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఇరవై ఏళ్ళుగా చీటీ డబ్బు చెప్పిన తారీకుకి చేతికి రావడం నేను చూసింది తక్కువ. పాట ఒక రోజు, జామీను సంతకాలు ఒక రోజు, డబ్బు ఇంకెప్పుడో. అరవై దాటి ఒక నెల జారితే మిగిలిన బాకీ మీద దాదాపు మూడు వేలు పడుతుంది. ఆ మూడు వేల భయాన్ని 739కి కొనుక్కోమన్నాను. రెండోదానికే అప్లై చేశాం. ఒక్కదానికే. మూడింటికీ పెట్టేసి ఏది వస్తే అది తీసుకుందాం అనే అలవాటు చాలామందికి ఉంది. ప్రతి అప్లికేషనూ సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్ర చూపే కాగితంలో, ఎంక్వయిరీగా నమోదవుతుంది. ఈయన రిపోర్టు ముందే తీసి చూశాను. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. లక్షన్నర లిమిటులో 85 శాతం వాడేసి ఉన్న కార్డు అందులో అప్పటికే ఎర్రగా కనిపిస్తోంది.

అడ్రసు దగ్గర కాస్త గుంజాటన అయింది. ఆధార్‌లో పార్వతీపురం అత్తవారి ఇల్లు, ఉండేది రాయగడ అద్దె ఇల్లు. సరిహద్దు ఊళ్ళలో ఇది మామూలే, భార్య పురుడుకి పుట్టింటికెళ్ళినప్పుడు అక్కడే ఆధార్ కూడా అయిపోతుంది, ఈయనేమో కొన్నాళ్ళు అక్కడ పనిచేసినప్పుడు మార్చుకున్నారు. కార్డు కంపెనీలు పిన్‌కోడు చూసే సగం అప్లికేషన్లు తిప్పేస్తాయి. కరెంటు బిల్లు, అద్దె కాగితం పెట్టి 765001 మీద నిలబడ్డాం. లక్ష లిమిటు వచ్చింది.

ఫిబ్రవరి 12న ట్రాన్స్‌ఫర్ బుక్ చేశాం. ఇక్కడ నా పొరపాటు ఒకటి ఉంది. పాత కార్డు డ్యూ 18వ తారీకు. కొత్త బ్యాంకు డబ్బు పంపేస్తుంది కదా అని ఆయన ఊరుకున్నారు. ట్రాన్స్‌ఫర్ చేతికి అందేదాకా పాత కార్డు డ్యూ మనమే కట్టాలని నేను చెప్పి ఉండాలి, చెప్పలేదు. 20న వేరే పని మీద ఫోను చేసినప్పుడు తెలిసింది. అప్పటికప్పుడు 8,152 కట్టించాను. డ్యూ తారీకు దాటి మూడు రోజులకు మించితేనే లేటు ఫీజు వేయాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మూడు రోజులే మమ్మల్ని కాపాడాయి. ట్రాన్స్‌ఫర్ డబ్బు పాత కార్డులో పడింది 23న. తొంభై రోజుల లెక్క మాత్రం 12 నుంచే మొదలైంది. ఆఫరు ఎన్ని రోజులని అందరూ అడుగుతారు, ఏ రోజు నుంచి అని ఎవరూ అడగరు.

కొత్త కార్డు మీద వడ్డీ లేకపోయినా మినిమమ్ ఉంటుంది. మొదటి నెల 3,750తో పాటు ఆ ఫీజు 3,098, రెండో నెల 3,563. మిగిలిందంతా పాత కార్డుకే. ఆర్డీ ఆపేశారు. కరిగిపోయే నాలుగు వేలు ఎక్కడికి పోతున్నాయో ఆవిడ కనిపెట్టారు గానీ నాకు చెప్పలేదు. ఆయన మొహం చూస్తే సిగరెట్లూ, సాయంత్రం స్నేహితులూ అని నాకు అర్థమైంది.

మార్చి పదో తారీకున పాట వీళ్ళకే వచ్చింది. ఏడు వేలకే కొట్టారు. ఆ తర్వాత జామీను. ఇద్దరి సంతకాలు కావాలి. ఒకాయన రైల్వే, వెంటనే పెట్టారు. రెండో ఆయన సూరత్‌లో మరమగ్గాల దగ్గర పనిలో ఉన్నారు, వస్తా వస్తా అంటూ ఏప్రిల్ మూడో వారానికి వచ్చారు. చీటీ పెద్దాయన కదల్లేదు, ఆయనదీ తప్పు కాదు. ఏప్రిల్ 24న డబ్బు చేతికొచ్చింది. ట్రాన్స్‌ఫర్ బుక్ చేసిన రోజు నుంచి 71వ రోజు.

ఈలోగా మజ్జిగౌరమ్మ చైత్ర యాత్ర వచ్చింది. ఆయన కొత్త కార్డు మీద 3,200 బట్టలు కొన్నారు. వద్దని నేను రెండుసార్లు చెప్పాను. ట్రాన్స్‌ఫర్ బాకీ నిలబడి ఉన్నంతకాలం ఆ కార్డు మీద గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ. పైగా ఆ కార్డు నిబంధనల పత్రంలో, కట్టిన డబ్బు ఫీజులకీ వడ్డీకీ పోయాక ముందు ట్రాన్స్‌ఫర్ బాకీకి, ఆ తర్వాతే కొనుగోళ్ళకి అని ఉంది. అంటే మీరు కట్టేది వడ్డీ లేని బాకీని తగ్గిస్తుంది, వడ్డీ పడే బాకీ అలాగే కూర్చుని తింటుంది. నెలకి 142 రూపాయలు. పెద్ద సొమ్ము కాదు, కానీ సున్నా కార్డులు బతికేది ఇలాంటి 142ల మీదే. ఆ రోజు రాత్రే ఆవిడ కార్డు లాక్కుని బియ్యం డబ్బా అడుగున పెట్టేశారు.

24న చీటీ డబ్బులోంచి 67,687 కొత్త కార్డుకి పోయింది. ట్రాన్స్‌ఫర్ తీరిపోయింది. మిగిలిన 20,313, ఆ నెల జీతంలోంచి 15,000 పాత కార్డుకి. బట్టల 3,200 ఆవిడ కుట్టుకూలిలోంచి కట్టి ఆయన్ని వారం రోజులు మాట్లాడనివ్వలేదు. మే నెలలో 4,400 కట్టేసరికి పాతదీ అయిపోయింది.

ఇప్పుడు అసలు లెక్క. ఆ 75,000 పాత కార్డులోనే ఉండి, కొత్త కార్డుకి కట్టిన ఆ రెండు మినిమమ్‌లూ అందులోంచే తగ్గి ఉంటే, 71 రోజులకి సుమారు 7,570 పడేది. డబ్బు 23న గానీ చేరలేదు కాబట్టి అందులో మొదటి పదకొండు రోజుల వడ్డీ, సుమారు 1,220, ఎలాగూ పడింది. ట్రాన్స్‌ఫర్‌కి ఖర్చు 3,098. మిగిలింది సుమారు 3,250. డెబ్భై ఒక్క రోజులే వాడుకున్నాం కాబట్టి ఈ సున్నా వడ్డీ మాకు నెలకి నూటికి రూపాయి డెబ్భై అయిదు పైసలు పడింది, ఏడాది లెక్కన 21 శాతం పైమాటే. 60 రోజుల కార్డు తీసుకుని ఉంటే చివరి పదకొండు రోజులకి ఇంకో 1,100 పడేది. అందులో ఆ 739 తేడా పోగా నా ముందుచూపు వల్ల వాళ్ళకి మిగిలింది 360 రూపాయలు. దీనికి నేను పెద్దగా ఛాతీ విరుచుకోనక్కర్లేదు. అసలు బాకీ తీర్చింది చీటీ. నెలకి ఎనిమిది వేల దగ్గర ఆగిపోయిన చెయ్యి పదిహేను వేలకి పోవడం దానికి తోడు. కార్డు చేసిందల్లా ఆ రెండున్నర నెలలు కారుతున్న కుండకి మట్టి మెత్తడం.

కొత్త కార్డు మూసేయమన్నాను. పాతది ఉంచి, లిమిటు 40,000కి తగ్గించమని రాయించాను, ఎక్కువ ఏళ్ళున్న కార్డు రిపోర్టుకి మంచిది. మూసేయమని అడిగితే బ్యాంకువాళ్ళు ఇంకో ఆఫరు చెప్పారు, ఇంకోసారి ఫోను చేసి ఇంకోటి చెప్పారు. బాకీ లేని కార్డుని అడిగిన ఏడు పనిదినాల్లో మూయాలి, మూయకపోతే రోజుకి 500 ఖాతాదారుకి కట్టాలి అని నిబంధన ఉంది. ఆ ఒక్క వాక్యం మెయిల్లో రాయించాక అయిదో రోజుకి మూసేశారు.

జూన్‌లో ఆయన పాత కార్డు స్టేట్‌మెంటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. టోటల్ డ్యూ దగ్గర సున్నా ఉంది. దాని కిందే ఆవిడ గొంతు, వెనకాల మిషను చప్పుడు.

"మాస్టారూ, ఈ సున్నాకి ఫీజు లేదు కదేటి?"